వేగం తగ్గిస్తే ఊరు ఆగిపోతుందా? సైకిల్ లేన్లపై అపోహలు, వాస్తవాలు

ఏ వీధికి కొత్త డిజైన్ ప్రతిపాదించినా, నక్షా ప్రజల ముందుకు రాకముందే ఒక పుకారు వీధంతా తిరిగేస్తుంది. "రోడ్డు సగానికి కోసేస్తున్నారట, ఇక కార్లు వెళ్లవట, అంబులెన్సు కూడా రాదట." వీధుల రూపకల్పన నా వృత్తి. ఇలాంటి మాటలు పుట్టించేవారిని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. వాటిని నమ్మి భయపడేవారి మీద మాత్రం ఎప్పుడూ కోపం రాలేదు. రోజూ తిరిగే దారి మారిపోతుందంటే ఎవరికైనా గుబులు పుడుతుంది.

అపోహ: వేగం తగ్గిస్తే అందరికీ ఆలస్యం, లేన్ తీసేస్తే జామ్

ఎక్కువగా దీని గురించే చెప్పాలి. ఎందుకంటే ప్రాణాలు తీస్తున్న అపోహ ఇదే.

ముందు ఆలస్యం సంగతి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఒక కిలోమీటరు దాటడానికి 72 సెకన్లు పడుతుంది. 30తో అయితే 120 సెకన్లు. తేడా 48 సెకన్లు, అదీ ఎక్కడా ఆగకుండా, ఒక్క ఎర్రదీపం కూడా పడకుండా వెళ్తేనే. నగరంలో అలా వెళ్లేది ఎవరు? ఒక సిగ్నల్ నుంచి ఇంకో సిగ్నల్ దాకా ఉరికి, అక్కడ వరుసలో నిలబడటమే కదా జరిగేది. మన ప్రయాణం ఎంతసేపు పడుతుందన్నది చాలావరకు జంక్షన్లే తేలుస్తాయి. పచ్చదీపం వెలిగినంతసేపట్లో జంక్షన్ ఎన్ని వాహనాలను వదలగలదో అన్నే ముందుకు కదులుతాయి. మధ్యలో రోడ్డు ఎంత వెడల్పుగా ఉన్నా, ఆ వెడల్పు ఎదురుచూసే వాహనాలు నిలబడటానికే పనికొస్తుంది.

అందుకే లేన్ తగ్గించేటప్పుడు మేం మొదట జంక్షన్‌నే సరిచేస్తాం. వైపుకు రెండేసి లేన్లున్న రోడ్డును వైపుకు ఒకటి చేసి, మధ్యలో మలుపు తిరిగేవారికి ఒక లేన్ ఉంచి, మిగిలిన చోటు సైకిళ్లకు ఇవ్వడం అమెరికాలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి. మలుపు కోసం ఆగిన బండి వెనక అందరూ ఆగే అవసరం ఉండదు. ఇలాంటి మార్పుతో ప్రమాదాలు 19 నుంచి 47 శాతం వరకు తగ్గాయని అక్కడి ఫెడరల్ హైవే శాఖ లెక్కగట్టింది. ఇది ప్రతి రోడ్డుకూ సరిపోదు. వాహనాలు మరీ ఎక్కువగా ఉండే చోట నేనే వద్దంటాను.

ఇప్పుడు ఆ 48 సెకన్ల కోసం మనం ఏం చెల్లిస్తున్నామో చూడండి. కారుకు ఎదురుగా ఒక పిల్లవాడు రోడ్డు మీదికి వచ్చాడనుకుందాం. పొడి రోడ్డు, మంచి బ్రేకులు, చూసి కాలు బ్రేకు మీద వేయడానికి ఒక్క సెకను. 30 వేగంలో ఆ సెకనులో కారు సుమారు 8 మీటర్లు పోతుంది, బ్రేకు పడ్డాక మరో 5 మీటర్లు. మొత్తం 13 మీటర్లలో ఆగిపోతుంది. 50 వేగంలో ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు పోతుంది. అంటే మొదటి కారు పూర్తిగా ఆగిన చోటికి వచ్చేసరికి రెండో కారుకు ఇంకా బ్రేకే పడలేదు. పిల్లవాడు అక్కడే ఉంటే తగిలేది నిండు 50 వేగంతో. ఢీకొన్న శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 30తో పోలిస్తే ఇక్కడ అది 2.8 రెట్లు.

స్థానికులతో సమావేశాల్లో నేను ఈ లెక్కను నేల మీద టేపు పరిచి చూపిస్తాను. 13 మీటర్ల దగ్గర సుద్దతో గీత గీసి, ఇష్టమైనవారిని అక్కడ నిలబడమంటాను. "నేను జాగ్రత్తగానే నడుపుతానండీ" అని అంతసేపూ వాదించిన ఒక పెద్దమనిషి ఆ గీత దగ్గర నిలబడి, టేపు మొదలు వైపు చాలాసేపు చూశారు. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగా జాగ్రత్తపరుడే. కానీ ఎంత జాగ్రత్త ఉన్నా ఆ ఒక్క సెకను ఎవరికీ తప్పదు.

30 పరిమితి ఎవరో నిన్న కనిపెట్టింది కాదు. ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరం 1992లోనే ప్రధాన రహదారులు మినహా అన్ని వీధుల్లోనూ దాన్ని అమలు చేసింది. పాదచారులు, సైకిళ్లు, వాహనాలు తరచుగా కలిసి తిరిగే చోట వేగం 30 దాటకూడదని రోడ్డు భద్రతపై అంతర్జాతీయ సదస్సు చేసిన 2020 స్టాక్‌హోమ్ ప్రకటన కూడా కోరింది. అయితే బోర్డు పెట్టినంత మాత్రాన వేగం తగ్గదు. డ్రైవరు బోర్డు కన్నా రోడ్డును ఎక్కువ నమ్ముతాడు. లేన్ వెడల్పుగా, చూపు ఆనినంత దూరం ఖాళీగా ఉంటే కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద బరువు పెడుతుంది. లేన్‌ను 3 మీటర్లకు కుదించి, మధ్యలో పాదచారులు ఆగే దీవి కట్టి, క్రాసింగ్‌ను ఫుట్‌పాత్ ఎత్తుకు లేపితే, పోలీసు లేకపోయినా వేగం దిగుతుంది. బస్సులు తిరిగే చోట లేన్ కాస్త వెడల్పుగా ఉంచాలి, ఆ లెక్క వేరు.

అపోహ: అంబులెన్సు ఇరుక్కుపోతుంది

ఇది పుకారుగా మొదలైనా దీని వెనక ఉన్న భయం నిజమైనది. ఒక సమావేశం ముగిశాక ఒకావిడ నా కోసం ఆగారు. భర్తకు గుండె జబ్బు. "ఆయనకు రాత్రిపూట ఏదైనా అయితే?" అన్నారు. అందరి ముందూ అడగలేకపోయారట. ఆవిడతో కలిసి వీధి పొడవునా నడిచి, ఏ చోట ఏం రాబోతోందో చూపించాను. స్పీడ్ కుషన్లు, అంటే వేగం తగ్గించే ఎత్తు దిమ్మెలు, రోడ్డంతా పరుచుకుని ఉండవు. ముక్కలుగా ఉంటాయి. కారు చక్రాలు వాటి మీదికి ఎక్కక తప్పదు, వెడల్పు ఇరుసున్న పెద్ద వాహనం మాత్రం వాటిని రెండు చక్రాల మధ్యకు తీసుకుని సాగిపోతుంది. సైకిల్ లేన్ తగినంత వెడల్పుగా, అంచు ఎక్కడానికి వీలుగా ఉంటే, జామ్‌లో చిక్కిన అంబులెన్సుకు అదే దారి. వీటిలో ఏవి పెట్టాలన్నది అత్యవసర సేవల వాళ్లతో కూర్చుని తేల్చాకే నక్షా ఖరారు కావాలి. అలా కూర్చున్నారా అని అడిగే హక్కు మీకుంది, అడగండి.

అపోహ: ఒక స్పీడ్ బ్రేకర్ వేస్తే చాలు

చాలదు. ఒక్కటే ఉంటే దాని ముందు బ్రేకు కొట్టి, దాటగానే మళ్లీ ఉరుకుతారు. సుమారు వంద మీటర్లకు ఒకటి చొప్పున వరుసగా ఉంటేనే వేగం నిలకడగా తగ్గుతుంది. ఆకారం కూడా ముఖ్యం. 1970లలో బ్రిటన్‌లో పరీక్షలు చేసి రూపొందించిన హంప్ పొడవు 3.7 మీటర్లు, ఎత్తు సుమారు 10 సెంటీమీటర్లే. ఎవరికి వారు రాత్రికి రాత్రి పోసుకునే నిటారు గట్లు ద్విచక్ర వాహనాలను పడేస్తాయి. దయచేసి ఆ పని చేయకండి.

అపోహ: సైకిల్ తొక్కేది ఎవరు? అది వాళ్ల సంస్కృతి

నెదర్లాండ్స్ పేరు ఎత్తగానే వచ్చే మాట ఇది. 1971లో ఆ దేశంలో రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. మరుసటి ఏడాది నుంచి తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి పోరాడాక, చమురు సంక్షోభం కూడా తోడయ్యాక విధానం కార్ల నుంచి సైకిళ్ల వైపు మారింది. స్పెయిన్‌లోని సెవిల్లాలో సైకిళ్లు దాదాపు కనిపించేవి కావు. 2006 నుంచి కొద్ది కాలంలోనే ఒకదానితో ఒకటి కలిసే సుమారు 80 కిలోమీటర్ల లేన్లు వేశాక తొక్కేవారు ఎన్నో రెట్లయ్యారు. కీలకం ఆ కలయికే. ఎక్కడో మొదలై ఎక్కడికీ చేరని అర కిలోమీటరు ముక్క వేసి, ఎవరూ రావడం లేదనడం అన్యాయం. గీత మాత్రమే గీసి వదిలేసిన లేన్ కూడా అంతే. వారం తిరక్కుండా పార్కింగ్ అయిపోతుంది. అడ్డుగా కాంక్రీటు అంచో, బొల్లార్డులనే పొట్టి స్తంభాలో ఉండాల్సిందే.

అపోహ: దుకాణాలు దివాలా తీస్తాయి

టొరంటోలో బ్లూర్ వీధి వ్యాపారులూ అలాగే అనుకున్నారు. కారులో వచ్చే కొనుగోలుదారులు నిజంగా ఉన్నదాని కన్నా ఎక్కువని వాళ్ల అంచనా. 2016లో లేన్లు వేశాక అక్కడ కొనేవారి రాకపోకలూ, ఖర్చూ పెరిగాయి. సరుకు దించుకోవడానికి చోటు లేకపోతే మాత్రం దుకాణదారుకు నిజంగానే కష్టం. ఆ చోటు నక్షాలో విడిగా ఉండాలి.

చివరగా ఒక్క మాట అడుగుతాను. మీ వీధి నక్షా ప్రదర్శనకు పెట్టినప్పుడు అందమైన రంగుల బొమ్మ దగ్గర ఆగకుండా నేరుగా జంక్షన్ కాగితం తీయమనండి. సైకిల్ లేన్ జంక్షన్ రాకముందే మాయమవుతోందా? మూల మలుపు వ్యాసార్థం ఎంత? లారీ తిరిగేటప్పుడు పక్కన వచ్చే సైకిల్ డ్రైవరుకు కనిపిస్తుందా? జవాబు కాగితం మీద లేకపోతే అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి, గడువు లోపల ఇవ్వండి. కాంక్రీటు పోశాక ఆ మూలను మార్చమంటే ఎవరూ మార్చరు.