వేళ్ళ సందుల్లో బురద, సముద్రం అడుగున గట్లు

మొన్న ఒకాయన అడిగారు, "ఆర్కిటిక్‌లో మంచు కరిగిపోతోంది అంటారు, మళ్ళీ ఫలానా గ్లేసియర్ ముందుకొచ్చేసింది అంటారు, ఏది నమ్మాలండీ?" అని. రెండూ నమ్మొచ్చు. కొన్ని గ్లేసియర్లు దశాబ్దాల తరబడి కదిలీ కదలనట్టు పడుంటాయి, పైన మంచు మాత్రం పేరుకుంటూనే ఉంటుంది, చివరికి అడుగున చేరిన నీళ్ళకి బయటికి దారి దొరక్క ప్రెషర్ పెరిగిపోయి మంచు మంచంతా బురద మీద జారడం మొదలెడుతుంది. దీన్నే సర్జ్ అంటారు. స్కూల్లో "హిమానీనదం" అని బట్టీ పట్టించారు గానీ ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల్లో బ్రోస్‌వెల్‌బ్రీన్ అని ఒకటుంది, పేరుకి అర్థమే హఠాత్తుగా ఉబ్బిన గ్లేసియర్ అని. 1936-38 మధ్య అది దాదాపు 30 కిలోమీటర్ల వెడల్పున సముద్రంలోకి తోసుకొచ్చింది, కొన్నిచోట్ల 20 కిలోమీటర్ల దాకా ముందుకి. తర్వాత ఆగిపోయి మెల్లగా వెనక్కి తగ్గింది. అది ఖాళీ చేసిన చోట సోనార్‌తో (నీళ్ళలోకి శబ్దం పంపి, ప్రతిధ్వనిని బట్టి అడుగు ఎలా ఉందో చూపే పరికరం) చూస్తే సముద్రం అడుగున వల పరిచినట్టు మట్టి గట్లు! ఎత్తు మహా అయితే కొన్ని మీటర్లు.

దమ్ము చేసిన మడిలో చెప్పుల్లేకుండా దిగినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. కాలు వేయగానే బరువుకి అడుసు వేళ్ళ సందుల్లోంచి పైకి తన్నుకొస్తుంది కదా, అదే ఇది. సర్జ్‌లో మంచు సాగి సాగి చీలిపోతుంది, అడుగు నుంచి కూడా పగుళ్ళు పడతాయి, పైన మంచు బరువు నొక్కుతుంటే నీళ్ళు పట్టిన మెత్తటి మట్టి ఆ పగుళ్ళలోకి ఎక్కుతుంది. వేళ్ళు బిగించి అడుగేస్తే సందులుండవు, గట్లూ ఉండవు. మడి ఎండిపోయినా అంతే. ఇప్పుడు కాలు తిన్నగా పైకి తీయండి, వేళ్ళ మధ్య గట్లు అలాగే నిలబడతాయి. కాలు ముందుకి ఈడ్చారా, అన్నీ చెరిగిపోయి పొడుగు చారలే మిగులుతాయి. కాబట్టి వల గట్లు కనిపించాయంటే మంచు అక్కడ ఆగిపోయి, ఇంక ఈడ్చుకోకుండా ఉన్నచోటే పల్చబడి, విరిగి తేలిపోయిందన్నమాట. ఆ గట్ల కింద పొడుగు చారలు కూడా ఉంటాయి, అవి అంతకుముందు జోరుగా జారినప్పటివి.

నేల మీదా ఇలాంటివి ఏర్పడతాయి గానీ కరిగిన నీటి వాగులు చాలావరకు కోసేస్తాయి, సముద్రం అడుగున ఆ బాధ తక్కువ. మన దేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం హిమాద్రి 2008 నుంచి ఉన్నది స్వాల్‌బార్డ్‌లోనే, కాంగ్స్‌ఫియోర్డ్ ఒడ్డున (ఫియోర్డ్ అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ), ఆ ఫియోర్డ్ చివర ఉన్న కాంగ్స్‌వేగెన్ కూడా 1948 ప్రాంతంలో సర్జ్ అయిన గ్లేసియరే.

ఇంకోటి, ఈ వల మీద ఒకదాని వెనక ఒకటి అడ్డంగా వరసకట్టిన సన్నటి గట్లు కూడా కొన్నిచోట్ల కనిపిస్తాయి, గ్లేసియర్ వెనక్కి తగ్గుతూ కూడా చలికాలంలో కాస్త ముందుకొచ్చి మట్టిని నెట్టినవి, చాలాసార్లు ఏడాదికొకటి చొప్పున. వంకర టింకర గాట్లు కనిపిస్తే మాత్రం వాటిని సర్జ్ ఖాతాలో వేయకండి, అవి తేలుతూ పోయిన ఐస్‌బర్గ్‌ల అడుగు గీరుకున్నవి.