ఎంగిలిని ఏ డబ్బాలో పెట్టాలి?

పిల్లలూ,

ఎండాకాలం సెలవుల్లో మీరు గోడకు అతికించిన చార్టు అట్లనే ఉంది. పైన "ప్రపంచం" అని రాసి, కింద వస్తువులు, ప్రాణులు, పనులు అని మూడు కొమ్మలు గీసి, ఇంట్లో కనబడ్డదల్లా వాటికి తగిలించారు కదా. మీరు బస్సెక్కి హైదరాబాద్ పోయినంక నేనూ నాయనమ్మా దాని మీద పడ్డాం. చెవిన పడ్డ మాటనల్లా తెచ్చి ఇది ఏ కొమ్మ అని అడగడమే పని. సగం మాటలకు జాగా దొరకలేదు. "మీకు వేరే పని లేదా" అని నాయనమ్మ తిట్టింది గానీ, నన్ను ఇరికించిన ప్రశ్నలన్నీ ఆమెవే.

మీరు ఆటగా చేసినదాన్ని చదువుకున్నవాళ్లు ఆంటాలజీ అంటారు. కంప్యూటర్‌కు లోకజ్ఞానం ఉండదు. ఏది దేని రకమో, ఏది దేనిలో భాగమో ఒక్కొక్కటే రాసివ్వాలి. 1984లో అమెరికాలో డగ్లస్ లెనాట్ అనే ఆయన సైక్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టి, మామూలు మనుషులకు తెలిసిన సంగతులన్నీ ఇట్లా రాయించాలని కూర్చున్నాడు. దాని మీద ఒక ముచ్చట చెప్తారు. మనిషి ఒంట్లో కరెంటు భాగాలుండవని దానికి తెలుసు, ఒకాయన కరెంటు రేజర్‌తో గడ్డం గీసుకుంటున్నాడనీ తెలుసు, రెండూ కలిపి "గీసుకుంటున్నంత సేపు ఈయన మనిషేనా?" అని అడిగిందట. నవ్వకండి, మన చార్టు అంతకంటే ఘోరం.

చిన్నది గడపను దర్వాజ కింద రాసింది. గడప దర్వాజలో భాగం, దర్వాజలో ఒక రకం కాదు. "ప్రతి గడపా ఒక దర్వాజే" అని పైకి చదివి చూడు, నీకే ఎబ్బెట్టుగా ఉంటుంది. పెద్దోడేమో "అల్లుడు" అని మనుషుల్లో ఒక రకం పెట్టాడు. మీ నాన్న మీ అమ్మమ్మ ఇంట్లో అల్లుడు, ఇక్కడ నా కొడుకు, దారిలో మనిషైతే మారలేదు కదరా! బర్రె చచ్చేదాకా బర్రే, దూడగా ఉండడం మాత్రం నాలుగు రోజుల ముచ్చట. ఇట్లా విడవనిదేదో, వచ్చిపోయేదేదో అడిగి తప్పులు పట్టే పద్ధతిని గువారినో, వెల్టీ అని ఇద్దరు తయారుచేశారు, ఆంటోక్లీన్ అంటారు.

ఇక చెరువు. చెరువు ఎండింది అంటే నీళ్లు. చెరువు తెగింది అంటే కట్ట. చెరువు పూడింది అంటే గుంత. చెరువు వేలం పాడారు అంటే చేపలు పట్టుకునే హక్కు. ఏప్రిల్‌లో చుక్క లేకుండా ఎండి, పోరగాళ్లు అందులో క్రికెట్ ఆడినా అది చెరువే. బేసిక్ ఫార్మల్ ఆంటాలజీ అని ఒకటుంది, అదీ మీ చార్టులాంటిదే, 2021లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ప్రమాణమైంది, కొమ్మల్ని డబ్బాలనుకుంటే మొత్తం డబ్బాలు నలభైకి లోపే. అందులో గుంతలాంటి ఖాళీకి ఒక డబ్బా, నీళ్లకు ఇంకో డబ్బా. బాగానే ఉంది, కానీ ఒక్క మాటను ముక్కలు చేసినంక ఇవన్నీ మన ఊరి చెరువేనని మళ్లీ ముడి వేసేదెవరు?

నన్ను ఓడించింది మాత్రం ఎంగిలి. మీరున్నప్పుడు చిన్నది కొరికిన మామిడిపండు ఇస్తే పెద్దోడు "ఛీ, ఎంగిలి" అన్నాడు, గుర్తుందా? తీపిలాగా ఎంగిలి కూడా పండు గుణమే అయితే చిన్నదానికీ ఎంగిలి కావాలి, ఆమె హాయిగా తిన్నది. అంటే తిన్న మనిషికీ తినబోయే మనిషికీ మధ్య ఏదో సంబంధం అన్నమాట. నేను సంబరంగా "సంబంధాలు" అని నాలుగో కొమ్మ గీశాను. నాయనమ్మ బియ్యం ఏరుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "మరి చిలక కొట్టిన జామకాయ?" అన్నది. నిజమే, దాన్ని ఏరుకొని మరీ తింటాం. సరే, కొరికేది మనిషే కావాలని రాశాను. "తల్లి నమిలి పిల్లకు పెట్టే బుక్క?" కొట్టేశాను. "పళ్లెం కడిగితే పోతుంది, పండు కడిగితే ఎందుకు పోదు? ఎంగిలిపూల బతుకమ్మ నాడు పూలను ఎవరు కొరికిండ్రు?" పెన్ను మూత పెట్టి చాయ్ అడిగాను.

ఈ తంటా మనకు కొత్త కాదులే. పాతకాలం తర్కపండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహం అనే పుస్తకంలో, లోకంలో ఉన్నదంతా ఏడు పదార్థాల్లో, అంటే ఏడు డబ్బాల్లో, సర్దాడు, ఏడోది అభావం. అంటే లేకపోవడానికి కూడా ఒక డబ్బా ఉంది! "డబ్బాలో చక్కెర లేదు" అన్న సంగతిని మీ చార్టులో ఎక్కడా పెట్టలేం, అక్కడ పెట్టొచ్చు. ఆ ఏడింట్లో మొదటి డబ్బా ద్రవ్యాలది, అంటే నేల, నీళ్లలాంటివి. అవి తొమ్మిదే అంటే, మరి చీకటి నల్లగా ఉంటుంది, కదులుతుంది, అది పదోది కాదా అని వాదం వచ్చింది. కాదు, వెలుతురు లేకపోవడమే చీకటి అని తేల్చారు.

అట్లయితే నీడ కూడా లేకపోవడమేనా? మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక నీడ పడుతూనే ఉంటుంది, ఊరూరి నుంచి జనం వచ్చి చూసిపోతారు. లేనిదాన్ని చూడడానికి ఆటో మాట్లాడుకొని వస్తారా అని నాయనమ్మ ప్రశ్న. దసరాకు వచ్చినప్పుడు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పోదాం. స్కెచ్ పెన్నులు మీరే తెండి, ఇక్కడివి ఎండిపోయినయ్.

మీ తాత
నల్లగొండ