పాత మిలిటరీ జీపు పెట్రోలు ట్యాంకు: అపోహలు – వాస్తవాలు

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ జీపుల్లో ట్యాంకు సరిగ్గా డ్రైవరు సీటు కిందే ఉంటుంది. అందుకే "ట్యాంకు కారుతోంది, ఏదో ఒకటి పూసెయ్ అన్నా, పాత బండ్ల ర్యాలీ అయ్యేదాకా ఆగితే చాలు" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: ఏళ్ల తరబడి ఎండిపోయిన ట్యాంకే కదా, వెల్డింగ్ పెట్టేయొచ్చు.

వాస్తవం: నిండు ట్యాంకు కన్నా ఖాళీదే ప్రమాదం. అంటుకునేది ఆవిరి. గాలిలో అది సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం మధ్య ఉంటే ఒక్క రవ్వ చాలు. సీమ్ (రేకులు కలిసే అతుకు) మడతల్లో, అడుగున గట్టిపడ్డ బంకలో, తుప్పు పొరల కింద పెట్రోలు దాక్కుని ఉండి, వెల్డింగ్ టార్చి వేడి తగలగానే బయటికొస్తుంది. ఒకసారి పదేళ్లు షెడ్డులో పడున్న ట్యాంకును రెండు రోజులు సబ్బునీళ్లతో కడిగాను, వాసనే లేదు. ఎందుకో అనుమానమొచ్చి మూతికి టేపేసి ఎండలో పెట్టి, సాయంత్రం టేపు లాగితే గుప్పుమంది. ఆ మర్నాడు టార్చి పెట్టాల్సిన ట్యాంకు అది! అప్పట్నుంచి ముక్కును నమ్మడం మానేసి మండే ఆవిరిని పసిగట్టే గ్యాస్ మీటరు పెట్టుకున్నా. ఇప్పుడైతే ఆవిరి పట్టించి కడిగి, మీటరు సున్నా చూపించాక, అతుకు వేసే చోటికి కాస్త కింది దాకా నీళ్లు నింపి, మిగతా ఖాళీలోకి మండని ఆర్గాన్ గ్యాస్ వదులుతూ పని చేస్తాం. బండి సైలెన్సర్ పొగ పట్టిస్తే చాలనే పాత చిట్కా వద్దు, ఆ పొగలోనూ ఆక్సిజన్ మిగిలి ఉండొచ్చు.

అపోహ: మిలిటరీ ట్యాంకు, బుల్లెట్ తగిలినా చిల్లు దానంతటదే పూడుకుంటుంది.

వాస్తవం: రబ్బరు పొరలున్న ఆ ట్యాంకులు యుద్ధ విమానాలవి. జీపుది మామూలు రేకు డబ్బా, పట్టేది 15 అమెరికన్ గ్యాలన్లు, అంటే 57 లీటర్ల దాకా.

అపోహ: లోపల శుభ్రంగా ఉంటే ట్యాంకు బాగున్నట్టే.

వాస్తవం: జీపు ట్యాంకును తుప్పు ఎక్కువగా బయటి నుంచి తింటుంది. అది కూర్చునే గుంటకు కింద నీళ్లు పోయే రంధ్రం ఉంటుంది, మట్టితో అది మూసుకుపోతే వానకు చేరిన నీళ్లు, కడిగిన నీళ్లు అక్కడే నిలుస్తాయి. పైనుంచి టార్చిలైటు వేసి చూస్తే ఏమీ తెలియదు, దించి తిరగేసి స్క్రూడ్రైవరు మొనతో అడుగంతా పొడిచి చూడాలి. మొన దిగిపోయే రేకును అతికి లాభం లేదు, అడుగు కోసేసి కొత్తది వేయడమే.

అపోహ: సీలర్ (లోపల పూతలా గట్టిపడే ద్రవం) పోసి తిప్పితే కొత్త ట్యాంకు అయిపోతుంది.

వాస్తవం: తుప్పు మీద పోసిన సీలర్ కొన్నాళ్లకు పాల మీద మీగడలా లేచి, పెట్రోలు పైపు మూతికి అడ్డం పడుతుంది. బండి కాసేపు నడిచి ఆగిపోతుంది, కాసేపాగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది, మనం కార్బురేటరు విప్పుకుంటూ కూర్చుంటాం. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోలుకు కొన్ని పాత రకం సీలర్లు మెత్తబడతాయి, పైగా ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, ఆ నీరు ఎక్కువైతే విడిపోయి అడుగున చేరి మళ్లీ తుప్పే. ఇంకొకటి, కొందరు తుప్పు రాలడానికి గులకరాళ్లు వేసి ఊపుతారు. లోపలి అడ్డురేకుల వెనక ఇరుక్కున్న రాళ్లను బయటికి తీయడం ఎంత నరకమో తీసినవాడికే తెలుసు, దానికి బదులు రెండు చివర్లూ పట్టుకుని లాగొచ్చని ఇనుప గొలుసు వేస్తాను.

అపోహ: కంప్రెసర్ గాలి గట్టిగా పెడితేనే లీకు తెలుస్తుంది.

వాస్తవం: రెండు మూడు పీఎస్ఐ, సబ్బు నురగ చాలు. చదునైన పక్కలు కాబట్టి ఎక్కువ పెడితే పూరీలా ఉబ్బి సీములు విడిపోతాయి.

అపోహ: రిపేరయ్యాక పెట్రోలు గేజు ముల్లు తప్పు చూపిస్తే ఫ్లోటు (ట్యాంకులో పెట్రోలు మీద తేలే బుడ్డి) పోయినట్టే.

వాస్తవం: ముందు ఎర్త్ చూడండి. గేజు కరెంటు ట్యాంకు రేకు గుండానే బాడీకి చేరాలి, మనమేమో ముచ్చటపడి అంగుళం వదలకుండా పెయింటు కొట్టి ఉంటాం. ఫ్లోటు మార్చేముందు ట్యాంకు నుంచి బాడీకి ఒక వైరు ముక్క బిగించి చూస్తే సరి.