టోపీ తుపాకీ పేలకపోతే తప్పు టోపీదేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

గుంటూరులో తుపాకుల రిపేరు మా నాన్న మొదలుపెట్టిన పని, ఆయన తర్వాత నేను చూసుకుంటున్నా. పల్నాడు వైపు నుంచి పంట కాపలాకి లైసెన్సు తీసుకున్న రైతుల ఒంటిగొట్టం తుపాకులు ఎక్కువగా వస్తుంటాయి. మూతి నుంచి మందు పోసి, గుండు దించి, వెనక నిపిల్ (సన్న రంధ్రమున్న చిన్న మొన) మీద రాగి టోపీ, అంటే క్యాప్, పెట్టి కాల్చేవి. పాతకాలం తుపాకీకి లైసెన్సు ఎందుకులే అనేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. కావాలి. లైసెన్సు ఉన్నా సరే, అనుమతి లేకుండా అడవి పందిని కాల్చితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే. ఇక అసలు సంగతికొద్దాం.

అపోహ: పేలలేదంటే క్యాపులు నాసిరకం.

కిందటి వానాకాలం ముందు ఒక పెద్దాయన వచ్చాడు. "అబ్బాయ్, రెండు డబ్బాలు మార్చా, క్యాప్ టప్‌మంటది, లోపల మందు మాత్రం అంటుకోదు. అన్నీ దొంగ సరుకే" అన్నాడు. గొట్టం ఖాళీయేనని కడ్డీ దించి చూసుకుని, నిపిల్ విప్పి, దాని రంధ్రంలో సన్నటి తీగ పెట్టి తిప్పితే కాటుక లాంటి ముద్ద బయటికొచ్చింది. నూనె, మసి కలిసిన ముద్ద. "బాబాయ్, తుపాకీకి నూనె ఎప్పుడు పెడతావ్?" అంటే "నెల నెలా పోస్తా, మూలన నిలబెడతా" అని గర్వంగా చెప్పాడు.

అదే కొంప ముంచింది. క్యాప్ పేలితే వచ్చే నిప్పు సూది దూరేంత రంధ్రంలోంచి పోయి మందుని అందుకోవాలి. మూతి పైకి పెట్టి నిలబెడితే పోసిన నూనంతా మెల్లగా అడుక్కి దిగి ఆ దారిలోనే చేరుతుంది. దారిలో ఒక్క చుక్క ఉన్నా నిప్పు అక్కడే చస్తుంది, పైగా కొత్తగా పోసిన మందు కూడా తడుస్తుంది. అందుకే నూనె పోయకూడదు, పేలికతో పల్చగా రాయాలి, తుపాకీని మూతి కిందికి పెట్టి ఉంచాలి. మందు పోసే ముందు పొడి పేలిక అడుగుదాకా దించి తుడవండి. తర్వాత ఖాళీ గొట్టంతోనే, మూతిని నేల మీద ఒక ఎండుటాకు దగ్గరగా పెట్టి ఒకటి రెండు క్యాపులు కొట్టండి. ఆకు ఎగిరితే దారి తెరుచుకున్నట్టే. కదలకపోతే ఎన్ని డబ్బాలు మార్చినా డబ్బు దండగ.

అపోహ: మొదటి దెబ్బకి పేలక రెండో దెబ్బకి పేలితే క్యాప్‌లో మందు తక్కువ.

ఎక్కువసార్లు కాదు. మొదటి దెబ్బ క్యాప్‌ని నిపిల్ మీద సరిగ్గా కూర్చోబెట్టడానికే సరిపోతుంది, రెండో దెబ్బకి పేలుతుంది. నిపిల్ కొన ఏళ్ల తరబడి దెబ్బలు తిని పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటుంది, లేదా క్యాప్ సైజే వేరు (10వ నంబరు, 11వ నంబరు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కళ్లద్దాలు పెట్టుకుని కొనండి), లేదా క్యాప్‌ని కొట్టే సుత్తి (హ్యామర్) స్ప్రింగ్ నీరసించింది. వదులుగా ఉంటే వేళ్లతో నొక్కి కోలగా చేసి తొడిగేవాళ్లున్నారు, ఆ పూటకి గడుస్తుందేమో గానీ నిపిల్ మార్చుకోవడమే నయం. రంధ్రం అరిగి పెద్దదైనా మార్చాల్సిందే, మంట వెనక్కి తన్ని హ్యామర్‌ని లేపుతుంది.

అపోహ: పేలకపోతే వెంటనే తిప్పి చూసుకోవాలి.

పొరపాటున కూడా వద్దు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. మనుషులు లేని వైపు మూతి పెట్టి కనీసం ఒక నిమిషం అలాగే పట్టుకోండి, ఆ తర్వాతే కొత్త క్యాప్. అలాగే గుండు మందుని తాకేదాకా దిగాలి. మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. కడ్డీ మీద గుర్తు గీసుకుంటే గుండు దిగిందా, గొట్టం ఖాళీగా ఉందా అన్నది ఒక్క చూపుకి తెలుస్తుంది. ఇక తూటాల్లో వాడే పొగరాని పౌడర్ ఇందులో పోస్తే గొట్టం పేలిపోతుంది, దానికి మినహాయింపు లేదు.

అపోహ: తుపాకీకి నీళ్లు తగలకూడదు, కిరోసిన్‌తో తుడిస్తే చాలు.

దీనికి బలైన గొట్టాలు నా దగ్గర మూలన పడున్నాయి. తుపాకిమందులో 75 పాళ్లు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. కాలాక సగానికి పైగా గాలిగా మారదు, గట్టి పదార్థంగానే మిగులుతుంది; కొంత పొగతో బయటికి పోయినా, మిగతాది మసిగా లోపల అంటుకుంటుంది. అందులో పొటాషియం లవణాలుంటాయి, అవి గాల్లో తేమని లాక్కుంటాయి. ఒక ఉప్పుకల్లు కిరోసిన్‌లో వేసి చూడండి, కరగదు. నీళ్లలో కరుగుతుంది. అంతే తేడా. పాత క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది, అది మిగిల్చేదీ ఉప్పు జాతే. ఇప్పటివాటిలో చాలావరకు అది లేదు గానీ మందు మసి ఎక్కడికీ పోదు. రైఫిల్ అయితే లోపలి గాడుల్లో పట్టేస్తుంది, ఇంకాస్త ఓపిక కావాలి.

నిపిల్ విప్పండి, గొట్టం ఊడొచ్చే రకమైతే ఊడదీసి అడుగు బకెట్‌లో పెట్టండి. చుక్క సబ్బు వేసిన గోరువెచ్చటి నీళ్లు చాలు. కడ్డీకి పేలిక చుట్టి పైకీ కిందికీ లాగితే సైకిల్ పంపులా నీళ్లు లోపలికెక్కి నల్లగా దిగుతాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చండి. సలసల కాగే నీళ్లే పోయాలంటారు కొందరు, అలా చేస్తే మీరు చూస్తుండగానే లోపల ఎర్రటి తుప్పు పొర లేస్తుంది. తర్వాత పొడి పేలికలు, ఆపైన పల్చగా నూనె. మర్నాడు పొద్దున ఒక తెల్ల పేలిక దించండి, గోధుమరంగులో వస్తే మళ్లీ మొదటికి. కృష్ణ ఒడ్డున విజయవాడలో ఉండేవాళ్లయితే వానాకాలంలో "రేపు కడుగుదాంలే" అనుకోవద్దు.

1857 తిరుగుబాటు అనగానే తూటాకి పూసిన కొవ్వు గుర్తొస్తుంది కదా, అప్పటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కూడా టోపీ తుపాకీయే. ఆ కొవ్వు గుండు గాడుల్లోంచి సాఫీగా దిగడానికి. మనకి తేనెమైనం, నువ్వుల నూనె సరిపోతాయి. ఇంజిన్ ఆయిల్ పూస్తే మసితో కలిసి తారులా అంటుకుంటుంది.

ఎన్నికల కోడ్ వచ్చి తుపాకీని స్టేషన్‌లో డిపాజిట్ చేయమన్నప్పుడు కడగకుండా ఇచ్చేసి, రెండు మూడు నెలల తర్వాత తెచ్చుకుని తుప్పు చూసి అక్కడివాళ్లని తిట్టుకోకండి, ఆ తుప్పు మీ ఇంట్లోనే మొదలైంది. కడిగిన ప్రతిసారీ నిపిల్ మరకి కాస్త గ్రీజు రాసి బిగించండి. పదేళ్లు విప్పని నిపిల్‌ని కటింగ్ ప్లేయర్‌తో తిప్పి, విరగ్గొట్టి తెచ్చేవాళ్లకి నా రేటు వేరు.