కోబాల్ తిరకాసు: అసలు ముడి 1999లోనే పడింది

అమెరికాలో పింఛన్లు చూసే సోషల్ సెక్యూరిటీ సంస్థలో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో ఉన్న కోడ్‌ని నెలల్లోనే కొత్త భాషలోకి మార్చేస్తారట అని 2025 మార్చిలో వైర్డ్ పత్రిక రాసిన దగ్గర్నుంచి ఈ గొడవ చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటోంది. అక్కడున్నది ఆరు కోట్ల లైన్లకు పైమాటే. ఇదే పనికి ఆ సంస్థే 2017లో వేసుకున్న అంచనా దాదాపు ఐదేళ్లు, ఆ ప్లాన్ కోవిడ్ రావడంతో అటకెక్కింది.

1959లో కోబాల్ పుట్టడం, దానికి దారి చూపిన గ్రేస్ హాపర్ కథ చాలామంది విన్నదే, వదిలేద్దాం. నన్నడిగితే ఇప్పటి తలనొప్పికి మూలం వైటూకే, అంటే 2000 సంవత్సరపు తేదీల గండం. ఏడాదిని రెండంకెల్లో దాచిన ప్రోగ్రాములు 2000ని 1900 అనుకుంటాయని అందరూ హడలిపోయిన రోజుల్లో, కోడ్ మొత్తం విప్పి చూసి, ఏ లెక్క ఎందుకుందో రాసిపెట్టుకునే అవకాశం నిజంగానే వచ్చింది. డబ్బు ఉంది, మనుషులు ఉన్నారు. అమీర్‌పేటలో కోబాల్‌తో పాటు జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 అనే తోడు సాఫ్ట్‌వేర్లు కలిపి మెయిన్‌ఫ్రేమ్స్ (బ్యాంకులు, ప్రభుత్వాలు వాడే భారీ కంప్యూటర్లు) కోర్సు అని చెప్పేవారు, అవి నేర్చుకుని విమానం ఎక్కిన మనవాళ్లకు లెక్కలేదు. కానీ గడువు ముంచుకొస్తుంటే చాలాచోట్ల చేసింది విండోయింగ్ అనే అతుకు. ఏడాది 50 కంటే తక్కువైతే 20 తగిలించు, లేకపోతే 19 తగిలించు. ఒకచోట 50, ఇంకోచోట 30, ఎవరి ఇష్టం వాళ్లది. జనవరి 1 గండం గడిచింది, కాంట్రాక్టులు అయిపోయాయి, అతుకు వేసినవాళ్లు జావా అనే కొత్త భాష వైపు వెళ్లిపోయారు, ఆ 30 ఎందుకు 30 అయిందో చెప్పేవాళ్లు ఆఫీసులో మిగల్లేదు.

ఇప్పుడు కోబాల్‌ని జావాలోకి మార్చే టూల్ ఏం చేస్తుంది? ఆ 30ని పొల్లు పోకుండా జావాలోకి దించుతుంది. దించినదాన్ని ప్రోగ్రామర్లు ఎగతాళిగా జోబాల్ అంటారు, ఒంటిమీద చొక్కా జావాది, నడక కోబాల్‌ది.

మెయిన్‌ఫ్రేమ్ మీద చేయి తిరిగిన పాతవాళ్లు చెప్పేది వినండి, వాళ్ల భయం ఊరికే కాదు. మూడంకెల గదిలోకి 12345 మూవ్ చేస్తే కోబాల్ కిక్కురుమనకుండా 345 మాత్రం ఉంచుకుంటుంది. జావాలో పూర్ణసంఖ్యలు దాచే ఇంట్ అనే గది మొత్తం 12345నీ పట్టేసుకుంటుంది. ఏళ్ల తరబడి ఆ 345 మీదే ఆధారపడిన ప్రోగ్రాం ఇంకోటి దీని తర్వాత ఉందనుకోండి, ఏది తప్పు, ఏది రూలు? డబ్బు లెక్కలూ అంతే: కోబాల్ దశాంశాల్లో లెక్క కడుతుంది, రౌండెడ్ అని చెప్పకపోతే మిగిలిన అంకెల్ని కోసేస్తుంది. జావాలో అజాగ్రత్తగా, దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే డబుల్ అనే రకం వాడితే 0.1కి 0.2 కలిపినా సరిగ్గా 0.3 రాదు. అందుకే దశాంశాల్ని కచ్చితంగా దాచే బిగ్‌డెసిమల్ వాడాలి, కోత ఎక్కడ పడాలో ప్రతిచోటా చెప్పాలి. పైగా అక్షరాల్ని సంఖ్యలుగా దాచే మెయిన్‌ఫ్రేమ్ పద్ధతి ఎబ్సిడిక్‌లో అక్షరాల తర్వాత అంకెలు, మిగతా ప్రపంచపు ఆస్కీలో అంకెల తర్వాత అక్షరాలు. కోడ్‌లో ఒక్క తప్పూ లేకుండానే సార్టింగ్ తారుమారైపోతుంది.

ఏఐతో మార్చేద్దాం అనేవాళ్ల వాదన కూడా ఉంది: కోబాల్ తెలిసినవాళ్లు రిటైరవుతున్నారు, ఇంకా ఆగితే అడగడానికీ ఎవరూ ఉండరు అని. ఐబీఎం 2023 ఆగస్టులో కోబాల్‌ని జావాలోకి మార్చే ఏఐ సహాయకుణ్ణి ప్రకటించింది కూడా. సరే. అయితే 2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ వాలంటీర్లు కావాలని పిలుపిచ్చినప్పుడు కరువొచ్చింది భాషకి కాదు, ఆ నిరుద్యోగ భృతి సిస్టమ్ లోపలి సంగతులు తెలిసిన మనుషులకి. వాళ్లని పోగొట్టుకున్నది కోబాల్ తప్పెలా అవుతుంది?

ఇక మిగిలిన పేచీ గడువు దగ్గరే. మార్చిన కోడ్ సరైనదా అని తేల్చుకోవడానికి పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి సెంటుతో సహా పోల్చాలి. నెలాఖరు, త్రైమాసికం, ఏడాది చివర్న మాత్రమే నడిచే బ్యాచ్ జాబులు (గుంపుగా ఒకేసారి నడిపే పనులు) ఉన్నాయి కాబట్టి ఆ పోలిక ఒక్క రౌండు పూర్తవడానికే ఏడాది పడుతుంది, టూల్ ఎంత వేగంగా మార్చినా సరే.