ఇగ్బో పల్లెలకు వెళ్తున్నారా? ఈ అపోహలు ఇక్కడే వదిలేయండి

ఆగ్నేయ నైజీరియాలోని ఎనుగు, అనంబ్రా, ఎబొన్యి, ఇమో, అబియా రాష్ట్రాలు ఇగ్బో జాతివాళ్ల గడ్డ. అక్కడి పల్లెలు చూడబోయేవాళ్లు ఎక్కువగా తప్పేది దారి కాదు, రోజు.

అపోహ: ఏ రోజు వెళ్లినా ఒకటే.

వాస్తవం: సంతల లెక్కన ఇగ్బోల వారంలో ఉండేవి నాలుగే రోజులు: ఎకె, ఒరియె, అఫో, న్క్వో. ఊరి సంత వీటిలో ఒకదాన్ని పట్టుకుని నడుస్తుంది. అవ్కా పట్టణంలో పెద్ద సంత పేరే ఎకె అవ్కా. మన సంతలా ప్రతి మంగళవారం అని గుర్తుపెట్టుకుంటే కుదరదు. ఈసారి మంగళవారం పడితే తర్వాతది శనివారం, ఆపైది బుధవారం. ఊరివాళ్లను అడిగి ఒక్క తేదీ తెలుసుకోండి, అక్కణ్నుంచి నాలుగేసి రోజులు కలుపుకుంటూ పోండి. సంత రోజు పొలంలో మనుషులు దొరకడం కష్టం. కొన్ని ఊళ్లలో ఫలానా రోజు మట్టి తవ్వకూడదన్న కట్టుబాటూ ఉంది. వీటికి తోడు సోమవారం: వేర్పాటువాదుల పిలుపుతో, ఇల్లు కదలొద్దంటూ 2021 ఆగస్టులో మొదలైన ‘సిట్ ఎట్ హోమ్’ బంద్ కొన్నిచోట్ల సడలినా, ఆ రోజు ప్రయాణం పెట్టుకోవద్దు. మిగతా రోజుల్లోనూ చీకటి పడకముందే చేరిపోవాలి. దారుల్లో కిడ్నాపుల భయం నిజమే.

అపోహ: యామ్ అంటే మన కందే.

వాస్తవం: కంద చేమకు చుట్టం. ఇగ్బోల ‘జి’ మన పెండలం జాతిది, తీగ పాకుతుంది. మట్టిని కుప్పలుగా పోసి, కుప్పకో విత్తన ముక్క పెట్టి, తీగకు కర్ర పాతుతారు. ముక్క 200 నుంచి 500 గ్రాములు. కోసినచోట బూడిద అద్దుతారు, లేదంటే కుళ్లుతుంది. కుప్పల మీద కాలు వేయకండి. తవ్వేటప్పుడు మీరూ చేయి వేస్తే పార దూరంగా దించండి, గాయం తగిలిన దుంప నిల్వలో అక్కణ్నుంచే పాడవుతుంది.

తవ్విన దుంపలు ‘ఒబా’కు చేరతాయి. నిలువు కర్రలకు ఒక్కో దుంపనూ తాడుతో కట్టి, ఒకదానిపై ఒకటిగా పైదాకా వరసలు తీస్తారు. గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. ఆ వరసలే ఇంటి యజమాని పరువు. ఆయన పిలిస్తేనే లోపలికి వెళ్లండి. కొత్త దుంపల పండగ ‘ఇరి జి’ ఆగస్టు, సెప్టెంబరుల్లో వస్తుంది. దానికి ముందు కొత్త దుంప వండమని అడగకండి.

అపోహ: అతిథికిచ్చే కోలా గింజల పళ్లెం ముందుకు రాగానే తీసుకుని తినేయాలి.

వాస్తవం: అది చూసి, తాకి, తిరిగి పంపడానికి. పళ్లెం అందరి చేతులూ దాటి యజమాని దగ్గరికే వస్తుంది. పెద్దాయన ఇగ్బోలోనే ప్రార్థన చేస్తాడు, కోలాకు వేరే భాష వినిపించదట. పగలగొట్టాక బద్దలు లెక్కపెడతారు. నాలుగు వస్తే నాలుగు సంతలూ కలిసొచ్చినట్టే అని సంతోషిస్తారు. ఆడవాళ్లు పగలగొట్టరు. మీ వంతు ముక్క కుడిచేత్తో అందుకుని మెల్లగా నమలండి. చేదు, వగరు. కెఫీన్ ఉంటుంది కాబట్టి సాయంత్రం పూట చిన్న ముక్క చాలు.

అపోహ: ఆకుకూర పులుసు కాబట్టి శాకాహారమే.

వాస్తవం: చేదాకు పులుసైనా, ఎగుసి గింజలదైనా ఎండురొయ్య పొడి, ఎండుచేప దాదాపు ఖాయం. కాల్చిన జి, పామాయిల్, అరటి వేపుడు అడగండి. కర్రపెండలం మాత్రం తోటలో సరదాకైనా పచ్చిగా కొరకొద్దు, సైనైడ్ విషం. మన పెద్దాపురం వైపు అది సగ్గుబియ్యమవుతుంది. అక్కడ తురిమి, గోనెసంచిలో బరువు పెట్టి రెండు మూడు రోజులు పులియబెట్టి, జల్లించి, పెనం మీద వేయించి ‘గారీ’ చేస్తారు. విషం వదిలేది ఆ పనులన్నిటితోనే.

అపోహ: ఎల్లో ఫీవర్ టీకా విమానం ఎక్కేముందు వేయించుకుంటే సరి.

వాస్తవం: సర్టిఫికెట్ చెల్లేది టీకా వేసిన 10 రోజుల తర్వాతే. హైదరాబాద్‌లోనైతే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే ఆరు రోజుల దాకా క్వారంటైన్ తప్పకపోవచ్చు. మలేరియాకు క్లోరోక్విన్ అక్కడ పనిచేయదు, వేరే మాత్ర డాక్టరుతో రాయించుకోండి. ఊరొచ్చాక మూడు నెలల్లోపు జ్వరం వస్తే, నైజీరియా వెళ్లొచ్చామన్న మాటే డాక్టరుకు ముందు చెప్పండి.