ఒకే వంటిల్లు, ఇద్దరు తోడికోడళ్ళు

చి. బుజ్జికి, చి. చిన్నాకి ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. సముద్రపు నీరు చేరితే వరి చచ్చిపోతుందని పుస్తకంలో ఉంటే, కేరళలో ఉప్పునీళ్ళు వచ్చే పొలంలోనే వరీ పండిస్తారు, రొయ్యలూ పడతారని మీ టీచరు చెప్పారట. ఏది నిజం తాతయ్యా అని అడిగారు. రెండూ నిజమే.

కొచ్చి చుట్టుపక్కల ఎర్నాకుళం, ఆలప్పుళ, త్రిస్సూరు జిల్లాల్లో సముద్రపు పోటు తగిలే పల్లపు పొలాలున్నాయి. అక్కడి వరి పేరు పొక్కాలి. ఆ పొలాన్ని ఒకే వంటిల్లున్న ఇల్లనుకోండి. ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దకోడలు వరి, చిన్నకోడలు రొయ్య. ఇద్దరూ ఒకేసారి పొయ్యి దగ్గర నిలబడితే కుదరదు కనుక ఏడాదిని పంచుకున్నారు. జూన్ నుంచి అక్టోబరు, నవంబరు దాకా వంటిల్లు పెద్దకోడలిది. నవంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్యలో వచ్చే విషు పండుగ దాకా చిన్నకోడలిది. ఇక అత్తగారు సముద్రం. ఆవిడ రోజుకు రెండుసార్లు వస్తుంది, రెండుసార్లు వెళ్తుంది, ఎవరి మాటా వినదు. ఆవిడ వచ్చినప్పుడు తలుపు తీయాలా, వేయాలా అన్నది తెలిస్తే ఇల్లు నడిచినట్టే.

ఆ తలుపే గట్టులో ఉండే తూము. విషు వెళ్ళాక పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ, తూము తెరిచి నీళ్ళు వదిలేస్తారు, పోటు రాగానే మూసేస్తారు. పొలం ఆరాక బురదను చిన్న చిన్న దిబ్బలుగా పోస్తారు. జూన్ వానలు పడితే ఆ దిబ్బల్లోని ఉప్పు కొట్టుకుపోతుంది. అప్పుడు మొలకెత్తిన విత్తనాన్ని వాటి నెత్తిన చల్లుతారు. నెల దాటి నారు ఎదిగాక, దిబ్బను పారతో ముక్కలు చేసి, మట్టిబెడ్డతో సహా నారును పొలమంతా పరుస్తారు. నారుమడి అదే, పొలమూ అదే! కోతకు వచ్చేసరికి నీళ్ళు నడుము దాకా ఉంటాయి. కంకులు మాత్రం కోసుకుని గడ్డిని అలాగే వదిలేస్తారు. పెద్దకోడలు వెళ్తూ వెళ్తూ గిన్నె అడుగున మిగిల్చిన అన్నం అదే. అది కుళ్ళుతుంటే అందులో పుట్టే సూక్ష్మజీవులను రొయ్యపిల్లలు తింటాయి. రొయ్యలు విడిచిన మలినం వచ్చే ఏటి వరికి బలం. ఎరువు బస్తా, పురుగుమందు డబ్బా ఆ గడప తొక్కవు.

రొయ్యపిల్లలను కొనక్కరలేదు. రాత్రి పోటు వేళ తూము దగ్గర లాంతరు వేలాడదీస్తే, ఆ వెలుగుకు నీళ్ళతో పాటు లోపలికి వస్తాయి. తిరిగి పోకుండా తడిక అడ్డం పెడతారు. పెరిగాక పాటు వేళ తూముకు వల కట్టి పడతారు. అమావాస్యకు, పున్నమికి పోటు పాట్లు బలంగా ఉంటాయి కనుక ఆ రోజుల్లోనే పట్టుబడి ఎక్కువ.

నా చిన్నతనం దివిసీమలో గడిచిందని మీకు తెలుసు. వేసవిలో కాలువ చివర నీళ్ళు అడుగంటితే మా తాత దోసెడు నీళ్ళు తీసుకుని నాలుక మీద వేసుకుని, తుపుక్కున ఉమ్మి, "ఉప్పెక్కాయి, ఈ వారం చేనుకు నీళ్ళు పెట్టొద్దురా" అనేవాడు. మేమూ వరసగా నిలబడి ఉమ్మేవాళ్ళం. ఉప్పు తెలిసేది కాదు కానీ ఉమ్మడం బాగా వచ్చింది. 1977 నవంబరు 19 ఉప్పెన తరవాత మా పొలాల మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. తాత గట్లు వేసి, వాననీరు నిలబెట్టి, వదిలి, మళ్ళీ నిలబెట్టాడు. ఆయన కేరళ చూడలేదు. ఉప్పును మంచినీటితోనే కడగాలని ఆయనకూ తెలుసు.

ఇక్కడ నా తోడికోడళ్ళ కథ కుంటుతుంది. ఆ ఇంట్లో పని చేసేది కోడళ్ళు కాదు. దిబ్బలు పోసేదీ, నడుములోతు నీళ్ళలో కోసేదీ కూలీలు. వాళ్ళలో దళిత కుటుంబాలవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు ఎక్కువ. పొలం ఒకరిది, బురద ఇంకొకరిది. అయినా ఒక ఏర్పాటుంది: రొయ్యల కౌలు గడువు ముగిశాక పొలంలో మిగిలిన చేపా రొయ్యా ఊళ్ళోవాళ్ళు ఎవరైనా దిగి పట్టుకోవచ్చు. ఆ రోజు సందడి తిరునాళ్ళను మించి ఉంటుందట.

వరి కంటే రొయ్యకు డబ్బెక్కువ. కొందరు భూస్వాములు గడువు దాటినా ఉప్పునీళ్ళు వదలరు. అప్పుడు పక్క పొలానికీ ఉప్పు ఊరుతుంది, వరి వేసుకుందామన్న చిన్నరైతుకూ వీలుపడదు. కూలీల పిల్లలు చదువుకుని కొచ్చి నగరంలో ఉద్యోగాలకు వెళ్ళారు. వెళ్ళరా మరి? నడుములోతు బురదలోనే ఉండమని వాళ్ళకు చెప్పడానికి మనమెవరం? కోతయంత్రం దిగితే ఆ బురదలో కూరుకుపోతుంది. రోడ్లకూ ఓడరేవు పనులకూ కొన్ని పొలాలు పూడ్చారు. ఒకప్పటి సాగులో ఇప్పుడు మిగిలింది చిన్న భాగమే. మనమేం తక్కువ తినలేదు. 1990లలో మన తీరంలో చిన్నకోడలికే ఇల్లంతా రాసిచ్చాం. తెల్లమచ్చల రోగం వచ్చి చెరువులకు చెరువులు ఖాళీ అయ్యాయి.

పొక్కాలికి, ఇది ఫలానా ప్రాంతపు పంట అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉప్పును తట్టుకునే దాని జన్యుభాగానికి శాస్త్రవేత్తలు సాల్టాల్ అని పేరు పెట్టి, దానితో కొత్త వంగడాలు తయారుచేశారు. మంచిదే. విత్తనం కవరులో పెడితే దేశాలు దాటుతుంది. ఏ రోజున దిబ్బ పగలగొట్టాలో చెప్పే ముసలమ్మను ఏ కవరులో పెడతాం?

పోటు ఎందుకు పెరుగుతుందో ఈ ఉత్తరంలో చెప్పను. సూర్యచంద్రుల సంగతి మీ సైన్సు మాస్టారిని అడగండి. దానికి ముందు ఒక పని చేయండి. వచ్చే అమావాస్యకు నాన్నతో కలిసి గిలకలదిండిలో పడవలు కట్టే చోటికి వెళ్ళండి. నీటి అంచున ఒక గుంజ చూసుకుని, గంటకోసారి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో సుద్దతో గీత గీయండి. అష్టమినాడు మళ్ళీ వెళ్ళి అలాగే చేయండి. రెండు రోజుల గీతలూ కాగితం మీద వేసి నాకు పంపండి. నాన్న లేకుండా మాత్రం వెళ్ళొద్దు, అక్కడ మెట్లు పాకుడు పట్టి జారుతాయి.

ఇట్లు,
మీ తాతయ్య